ఖడ్గం అప్పగించినవాడు పిరికివాడా?

జపాను దేశపు సమురాయ్ వీరుల గురించి మీలో చాలామంది వినే ఉంటారు. సినిమాల ద్వారా, పిల్లల బొమ్మల కథల ద్వారా వారు మనకు పరిచయమే. ఓటమి తప్పదని తెలిసిన మరుక్షణం సమురాయ్ తన ప్రాణం తానే తీసుకుంటాడనీ, శత్రువుకు సజీవంగా చిక్కడనీ మనం నమ్ముతాం. నమ్మడమే కాదు, లోలోపల మెచ్చుకుంటాం కూడా. "మగవాడంటే అలా ఉండాలి" అనేవారికీ కొదవ లేదు.

ఇందులో రెండు ప్రశ్నలు దాగి ఉన్నాయి. మొదటిది చరిత్రకు సంబంధించినది: సమురాయ్‌లు నిజంగా ఎన్నడూ లొంగిపోలేదా? ఎన్నడూ పట్టుబడలేదా? రెండవది నీతికి సంబంధించినది: ఓడిపోయినవాడు బతికి ఉండడం అవమానమా? మొదటి ప్రశ్నను పండితులకు వదిలేస్తే పోతుంది కదా అనిపించవచ్చు. కాని దానికి తప్పు జవాబు నమ్మినవారు రెండవదానికీ తప్పు జవాబే చెప్పుకొని ఎన్నో ప్రాణాలను బలి చేశారు. కనుక రెండింటినీ కలిపి ఆలోచిద్దాం.

చరిత్ర ఏమంటోంది?

సూటిగా చెప్పాలంటే, సమురాయ్‌లు లొంగిపోయారు, పట్టుబడ్డారు. అది ఏ ఒక్కరో చేసిన పని కాదు. తరతరాలుగా జరిగినదే.

1185లో తైరా, మినమొతో అనే రెండు గొప్ప వంశాల మధ్య సముద్రం మీద చివరి పోరు జరిగింది. తైరా వారు ఓడిపోయారు. ఎందరో సముద్రంలో పడి ప్రాణాలు విడిచారు. కాని ఆ వంశానికి పెద్దయైన మునెమోరి మాత్రం సజీవంగా పట్టుబడ్డాడు. తరువాత శత్రువులు అతని తల నరికించారు.

పదహారవ శతాబ్దం వచ్చేసరికి జపాను దేశమంతా అంతర్యుద్ధాలతో అట్టుడికిపోయింది. ఇద్దరు పెద్ద ప్రభువుల మధ్య నలిగే చిన్న ప్రభువు ఏం చేస్తాడు? బలవంతుడికి తలవంచుతాడు. నమ్మకానికి గుర్తుగా తన బిడ్డనో, తల్లినో బందీగా పంపుతాడు. తరువాత దేశమంతటినీ ఏలిన తొకుగావా ఇయెయాసు చిన్నతనంలో అలా పరాయి కోటలో బందీగా పెరిగినవాడే. గెలిచినవాడికీ మనుషులు కావాలి కదా! 1582లో తకేదా వంశం కూలిపోయినప్పుడు, నిన్నటి వరకు తనతో పోరాడిన ఆ వంశపు యోధులను ఇదే ఇయెయాసు పెద్ద సంఖ్యలో తన కొలువులో చేర్చుకున్నాడు. జపాను వారి చదరంగాన్ని షోగీ అంటారు. అందులో పట్టుబడిన పావును గెలుచుకున్నవాడు తన పావుగా మళ్లీ బల్లమీద పెట్టుకోవచ్చు. ఆనాటి యుద్ధాలు కూడా చాలావరకు అలాగే నడిచాయి.

1590లో ఒడావారా కోట ముట్టడి జరిగింది. కోట ప్రభువు హోజో ఉజినావో లొంగిపోయాడు. అతని తండ్రిని, పినతండ్రిని ప్రాణాలు తీసుకోమని విజేత హిదెయోషి ఆజ్ఞాపించాడు. లొంగిపోయిన ఉజినావోను మాత్రం ఒక పర్వతం మీది మఠానికి పంపివేశాడు. ఒకే కోట, ఒకే ఓటమి, రెండు రకాల ముగింపులు!

ఇక 1600లో సెకిగహారా అనే చోట జరిగిన మహాయుద్ధం జపాను చరిత్రనే మలుపు తిప్పింది. ఓడిన పక్షానికి నాయకుడు ఇషిదా మిత్సునారి. అతడు యుద్ధభూమిలో చావలేదు, తన ప్రాణం తాను తీసుకోలేదు. కొండల్లో దాక్కొని, పట్టుబడి, క్యోతో నగరంలో శిరచ్ఛేదానికి గురయ్యాడు. అతని గురించి ఒక కథ ప్రచారంలో ఉంది. వధ్యస్థలానికి తీసుకుపోతుండగా దాహమై నీళ్లు అడిగాడట. కాపలావారు నీళ్లు లేవని ఒక పండు ఇచ్చారట. అది ఒంటికి పడదని అతడు వద్దన్నాడట. కాసేపట్లో తల తెగేవాడికి పథ్యం దేనికని వాళ్లు నవ్వితే, గొప్ప ఆశయం ఉన్నవాడు చివరి క్షణం దాకా ప్రాణాన్ని కాపాడుకుంటాడని జవాబిచ్చాడట. కథ ఎంతవరకు నిజమైనా, దానిని తరతరాలుగా చెప్పుకున్నది జపాను ప్రజలే. పట్టుబడి బతికి ఉండడంలో కూడా ఒక ధైర్యం ఉందని వారికి తెలుసునన్నమాట!

అలాగని ఆ యుద్ధాలను దయాపూరితమైనవిగా ఊహించుకోకండి. తెగిన తలలను లెక్కబెట్టి బహుమానాలు ఇచ్చిన రోజులవి. ఓడిన ప్రభువులు తమ ప్రాణం తామే తీసుకొన్న సందర్భాలూ నిజంగానే అనేకం. కాని "సమురాయ్ అన్నవాడు ఎన్నడూ లొంగడు" అనే నియమం మాత్రం ఆ యుద్ధభూముల్లో లేదు. మరి అది ఎక్కడ నుండి వచ్చింది?

యుద్ధం చూడనివారి నియమం

సమురాయ్ అంటే చావుకు సిద్ధపడినవాడని బోధించే గ్రంథాల్లో ప్రసిద్ధమైనది హగకురే. అది సుమారు 1716 నాటికి తయారైంది. అప్పటికి జపానులో పెద్ద యుద్ధాలు ఆగిపోయి మూడు తరాలు గడిచాయి. అందులోని మాటలు చెప్పిన యమమొతో త్సునెతొమో ఏ యుద్ధంలోనూ పాల్గొన్నవాడు కాదు. తాతల కాలపు రణరంగాన్ని తలచుకొని, శాంతికాలంలో కూర్చొని చెప్పిన మాటలవి. దూరపు కొండలు నునుపు అని మనవారు ఊరకే అన్నారా!

ఆ తరువాత ఆధునిక సైన్యం ఏర్పడింది. 1904-05లో రష్యాతో జరిగిన యుద్ధంలో జపాను రష్యా ఖైదీలను మర్యాదగా చూసి లోకం మెప్పు పొందింది. కాని కాలం గడిచేకొద్దీ గాలి మారింది. 1941 జనవరిలో సైనికులందరికీ ఒక ప్రవర్తనా నియమావళి పంచిపెట్టారు. ఖైదీగా బతికే అవమానాన్ని భరించవద్దని అది బోధించింది. పాత కాలంలో కొందరు ప్రభువులు పాటించిన ఆచారం ఇప్పుడు ప్రతి రైతు బిడ్డ మీద, ప్రతి కూలివాని కొడుకు మీద మోపిన శాసనమైంది.

దాని ఫలితం చూడండి. 1941 డిసెంబరులో హవాయి దీవుల మీద దాడికి పంపిన చిన్న జలాంతర్గాములు ఐదు. ఒక్కొక్క దానిలో ఇద్దరు చొప్పున మొత్తం పదిమంది. తొమ్మిదిమంది మరణించారు. వారిని యుద్ధదేవతలని ప్రభుత్వం కీర్తించింది. పదవవాడు సకమాకి కజువో స్పృహతప్పి ఒడ్డుకు కొట్టుకువచ్చి అమెరికా వారికి చిక్కాడు. అతని పేరు ఆ జాబితాలో లేకుండా పోయింది. పదిమంది వెళితే తొమ్మిదిమందినే లెక్కించారు. బతికి ఉండడమే అతని నేరం! తనను చావనివ్వమని అతడు మొదట అమెరికా వారిని కోరాడు. వారు ఒప్పుకోలేదు. యుద్ధం ముగిశాక స్వదేశానికి తిరిగి వచ్చి, టొయోటా సంస్థలో పనిచేసి, బ్రెజిల్ దేశంలో ఆ సంస్థ శాఖకు అధ్యక్షుడై, శాంతిని కోరే మనిషిగా 1999 వరకు జీవించాడు. లెక్కలో నుంచి తీసివేసిన ఆ పదవవాని ముందు ఇంకా యాభై ఏడు సంవత్సరాల జీవితం ఉంది!

మరొక విషయం కూడా గమనించండి. తన లొంగుబాటును క్షమించుకోలేనివాడు ఎదుటివాడి లొంగుబాటును గౌరవించగలడా? 1942 ఫిబ్రవరి 15న సింగపూరు పతనమైనప్పుడు బ్రిటిషు, ఆస్ట్రేలియా సైనికులతో పాటు వేలాదిమంది భారతీయ సైనికులు జపానుకు ఖైదీలయ్యారు. జపాను చేతికి చిక్కిన అమెరికా, బ్రిటిషు కామన్వెల్తు ఖైదీలలో నూటికి 27 మంది మరణించారని యుద్ధం తరువాత తొకియో న్యాయస్థానం తేల్చింది. జర్మనీ, ఇటలీ చేతుల్లో ఉన్నవారిలో మరణించినది నూటికి నలుగురు. ఇంత తేడాకు ఆకలి, రోగాలు, కఠినమైన చాకిరీ కూడా కారణాలే. కాని లొంగినవాడు మనిషే కాడు అన్న భావన ఆ క్రూరత్వానికి తలుపు తెరిచింది.

ఇద్దరు రోమనులు, ఒక రాజు

ఈ ప్రశ్న జపానుది మాత్రమే కాదు. క్రీ.శ. 410లో శత్రువులు రోము నగరాన్ని కొల్లగొట్టారు. చెరచబడిన క్రైస్తవ స్త్రీలు ఎందుకు బతికి ఉన్నారని అన్యులు ఎగతాళి చేశారు. ఆ స్త్రీల పక్షాన పునీత అగుస్తీను కలం పట్టాడు. దేవుని నగరం అనే మహాగ్రంథం మొదటి భాగంలోనే ఆయన వారిని ఓదార్చాడు. ఇతరులు చేసిన పాపం వారిని అపవిత్రులను చేయదనీ, అవమానం వారిది కాదనీ వాదించాడు.

అక్కడే ఆయన ఇద్దరు రోమనులను పక్కపక్కన నిలబెడతాడు. ఒకడు కేటో. సీజరుకు లొంగడం ఇష్టం లేక క్రీ.పూ. 46లో తన ప్రాణం తాను తీసుకున్నాడు. రోమనులు అతనిని ఆకాశానికెత్తారు. అగుస్తీను ఒక చిన్న ప్రశ్న వేస్తాడు: సీజరు దయతో బతకడం అంత అవమానమే అయితే, కేటో తన కుమారునికి మాత్రం సీజరు దయను నమ్ముకొమ్మని ఎందుకు చెప్పాడు? తాను ప్రేమించేవారి విషయం వచ్చేసరికి అతనికి కూడా బతుకే మేలని తోచిందన్నమాట. రెండవవాడు రెగ్యులసు. కార్తేజి వారికి ఖైదీగా చిక్కాడు. వారు అతనిని రాయబారిగా రోముకు పంపారు. ఇచ్చిన మాట కోసం అతడు, హింసలు తప్పవని తెలిసీ, తిరిగి శత్రువుల దగ్గరకే వెళ్లాడని రోమనుల సంప్రదాయం చెబుతుంది. అగుస్తీను దృష్టిలో కేటో కంటే ఈ ఖైదీయే గొప్పవాడు.

పునీత తోమాసు అక్వినాసు ఇంకొక మెట్టు పైకి తీసుకుపోతాడు. ధైర్యం అనే సుగుణానికి ముఖ్యమైన క్రియ ఏది? శత్రువు మీద పడడమా? కాదు, ఓర్చుకొని నిలబడడం అంటాడు ఆయన. దాడిచేసేవాడు తాను బలవంతుడననే నమ్మకంతో వెళతాడు. ఓర్చుకునేవాడు తనకంటే బలమైనదాన్ని, తప్పించుకోలేనిదాన్ని ఎదుర్కొంటాడు. అదీ ఒక్క క్షణం కాదు, దీర్ఘకాలం.

పవిత్ర గ్రంథం కూడా ఇదే నేర్పుతుంది. బబులోనియా సైన్యం యెరూషలేమును ముట్టడించినప్పుడు యిర్మీయా ప్రవక్త సిద్కియా రాజుకు చెప్పినదేమిటి? బయటికి వెళ్లి లొంగిపొమ్మనీ, అలా చేస్తే రాజు, అతని ఇంటివారు బతుకుతారనీ, నగరం కాలిపోదనీ చెప్పాడు. రాజు ఎందుకు వెనుకాడాడు? అప్పటికే శత్రువుల వైపు వెళ్లిన తన ప్రజలు తనను ఎగతాళి చేస్తారన్న భయం! ఆ ఒక్క సిగ్గుకు వెల ఎంతయిందో చూడండి. నగరం కాలింది. దేవాలయం కూలింది. రాజు కన్నుల ఎదుటనే కుమారులను చంపారు.

ఇద్దరు క్రైస్తవ సమురాయ్‌లు

ఇప్పుడు తిరిగి జపానుకు వెళదాం. సెకిగహారాలో ఓడిన ప్రభువులలో కొనిషి యుకినాగా ఒకడు. ఆయన కతోలికుడు. జ్ఞానస్నానపు పేరు అగుస్తీను! ఆయన పునీతుడేమీ కాదు. 1592లో కొరియా మీదికి దండెత్తిన సైన్యానికి ముందు నడిచినవాడు. ఆ యుద్ధంలో పారిన రక్తంలో ఆయనకూ భాగం ఉంది. అయినా ఓటమి నాడు ఆయన ముందు రెండు దారులు కనిపించాయి. తోటివారు గౌరవించే దారి తన ప్రాణం తాను తీసుకోవడం. క్రైస్తవునిగా అది తనకు తగదని ఆయన నిరాకరించాడు. కొండల్లో తనను చూసిన గ్రామస్థునితో, నన్ను అప్పగించి బహుమానం తీసుకో అన్నాడని కథనం. కట్లతో వీధుల్లో ఊరేగింపబడి, ప్రజల చూపులన్నీ భరించి, మిత్సునారితో పాటే శిరచ్ఛేదం పొందాడు. కేటోను కాదని రెగ్యులసును మెచ్చుకున్న పునీతుని పేరు పెట్టుకున్నవాడు, పన్నెండు వందల సంవత్సరాల తరువాత, భూగోళానికి మరొక కొనలో, ఆ దారినే నడిచాడు.

రెండవవాడు తకయామా ఉకోన్, జ్ఞానస్నానపు పేరు జుస్తో. 1578లో ఆయన పై ప్రభువైన అరాకి మురాషిగే, దేశంలోకెల్లా బలవంతుడైన ఒదా నొబునాగా మీద తిరగబడ్డాడు. ఉకోన్ కుమారుడు, తోబుట్టువు అరాకి దగ్గర బందీలుగా ఉన్నారు. కోట అప్పగించకపోతే క్రైస్తవులను, గురువులను చంపిస్తానని ఇటు నొబునాగా బెదిరించాడు. లొంగితే బిడ్డ ప్రాణానికి ముప్పు. లొంగకపోతే శ్రీసభకు ముప్పు. ఉకోన్ ప్రార్థించాడు. యోధుని జుట్టు తీసివేసుకున్నాడు. పదవిని, కోటను వదులుకొని, నిరాయుధుడై నొబునాగా ముందుకు నడిచి వెళ్లాడు. దైవకృపవలన బందీలూ బతికారు, విశ్వాసులూ బతికారు.

ఆ రోజు ఆయనను చూసినవారు పిరికివాడని అనుకొని ఉండవచ్చు. కాని 1587లో హిదెయోషి ఆయనను విశ్వాసం వదులుకోమన్నాడు. ఉకోన్ విశ్వాసాన్ని వదలలేదు, ఏలుబడిలో ఉన్న భూములన్నీ వదులుకున్నాడు. 1614లో దేశ బహిష్కారం విధించినప్పుడు భార్యాపిల్లలతో, ఇతర విశ్వాసులతో మనీలాకు ఓడ ఎక్కాడు. 1615 ఫిబ్రవరిలో అక్కడే మరణించాడు. 2017 ఫిబ్రవరి 7న ఒసాకా నగరంలో శ్రీసభ ఆయనను వేదసాక్షిగా, ధన్యజీవిగా ప్రకటించింది.

ఆయన ఏమేమి అప్పగించాడో ఒకసారి లెక్కపెట్టండి: కోట, ఖడ్గం, జుట్టు, భూములు, జన్మభూమి. అప్పగించనిది ఒక్కటే, అంతరాత్మ. లొంగిపోవడం అవమానమా అన్న ప్రశ్నకు ఆయన జీవితమే జవాబు. ఏమి అప్పగిస్తున్నాం, ఎవరి కోసం అప్పగిస్తున్నాం అన్నదే ప్రశ్న. రాజుకు చెందినది రాజుకు ఇచ్చివేయవచ్చు. దేవునికి చెందినది ఇవ్వరాదు. మన ప్రాణం కూడా దేవునికి చెందినదే. దానికి మనం యజమానులం కాము, కాపలాదారులం మాత్రమే.

ఒక కష్టమైన ప్రశ్న

మీలో ఆలోచనాపరులు ఇక్కడ ఒక మాట అడగవచ్చు. 1582లో హిదెయోషి తకమత్సు కోట చుట్టూ గట్టు కట్టించి నదినీళ్లు మళ్లించాడు. కోట రక్షకుడు షిమిజు మునెహారు ప్రాణం ఇస్తే లోపలివారందరినీ వదిలేస్తానన్నాడు. మునెహారు పడవెక్కి ఇరు సైన్యాల మధ్యకు వెళ్లి తన ప్రాణం తీసుకున్నాడు. లోపలివారు బతికారు. మరి ఇది స్నేహితుల కోసం ప్రాణం పెట్టడం కాదా?

ఆ మనిషి హృదయంలోని ప్రేమకు మనం తలవంచాలి. అయినా తోమాసు బాటలో ఒక తేడా చూడాలి. ఇతరుల కోసం మరణానికి ఎదురు వెళ్లడం వేరు, తన మీద తానే చెయ్యి చేసుకోవడం వేరు. ఆ షరతు పెట్టినవాని మీద బరువైన దోషం ఉంది. చేసినవాని హృదయాన్ని తీర్పు తీర్చేది దేవుడే.

ఆ తేడాను మనకు చూపించినవాడు పునీత మాక్సిమిలియను కోల్బె. ఆయన 1930 నుండి కొన్నేళ్లు జపానులోని నాగసాకిలో సేవ చేసిన గురువు. 1941లో, జపాను ఆ నియమావళిని పంచిన సంవత్సరంలోనే, ఆయన ఆష్విట్జు చెరసాలలో ఖైదీ. ఆకలితో చంపడానికి ఎంపికైన ఒక కుటుంబ పెద్ద స్థానంలో నన్ను తీసుకోండి అని ముందుకు వచ్చాడు. ఆయన తన ప్రాణాన్ని ఇచ్చాడు, తీసుకోలేదు. ఖైదీగా ఉండడం ఆయన గౌరవాన్ని ఇసుమంతైనా తగ్గించలేదు.

మన ఇంటి సంగతి

ప్రియ పాఠకులారా, మన ఇళ్లలో సమురాయ్‌లు లేరు. కాని "పరువు పోయాక బతికేం లాభం" అన్న మాట మన ఇళ్లలో లేదా? అప్పు తీర్చలేని రైతు, పరీక్ష తప్పిన పిల్లవాడు, పెళ్లి ఆగిపోయిన ఆడపిల్ల, వ్యాపారం మునిగిన తండ్రి ఆ మాట వింటూనే ఉన్నారు. మనం కోపంలోనో, ఎగతాళిగానో ఆ మాట అంటాం. వినేవాడు దానిని శాసనంగా తీసుకుంటాడు. యుద్ధం చూడనివారు రాసిన నియమం ఎందరు సైనికులను మింగిందో చూశాం. బిడ్డ పడుతున్న వేదన చూడని తల్లిదండ్రుల మాట కూడా అంతే ప్రమాదకరం.

మనవారే మరొక మాట కూడా అన్నారు: బతికుంటే బలుసాకు తిని బతకవచ్చు. అది పిరికివాని సామెత కాదు. కేటో తన కుమారునికి చెప్పిన సలహా అదే. మీరు కూడా మీ బిడ్డలకు ఆ సలహానే చెప్పండి, అదీ ముందుగానే చెప్పండి. ఫలితాలు రాకముందే, "ఏ మార్కులు వచ్చినా భోజనానికి ఇంటికి రా" అని చెప్పండి. అప్పుల్లో ఉన్న అన్నదమ్ముని గడప దగ్గర నిలబెట్టి లెక్క అడగకండి. కూర్చోబెట్టి మంచినీళ్లు ఇవ్వండి. మనసు చీకటైపోయినవారిని ఒంటరిగా వదలకండి. వైద్యుని దగ్గరకు తోడు వెళ్లండి. మీ విచారణ గురువు తలుపు ఏ వేళనైనా తట్టండి.

ఇప్పటికే ఇంట్లో ఒకరిని అలా పోగొట్టుకున్నవారు ఈ వ్యాసం చదువుతుంటే, వారికొక మాట. తీవ్రమైన మనోవేదన, భయం మనిషి బాధ్యతను తగ్గిస్తాయనీ, అటువంటివారి రక్షణ విషయమై నిరాశ చెందరాదనీ సత్యోపదేశ గ్రంథం బోధిస్తోంది. శ్రీసభ వారికోసం ప్రార్థిస్తుంది. 1983 నాటి శ్రీసభ చట్టంలో వారికి క్రైస్తవ సమాధిని నిరాకరించే పాత నిబంధన లేదు. మీ బిడ్డ దేవుని చేతుల్లో ఉన్నాడు. ఆ చేతులు మన చేతులకంటే మృదువైనవి.

చివరిగా, పెద్ద గురువారపు రాత్రి క్రీస్తునాథుడు చేసినదేమిటో గుర్తుచేసుకోండి. పేతురు కత్తి దూశాడు. ప్రభువు దానిని ఒరలో పెట్టమన్నాడు. ఆయన తన్ను తాను అప్పగించుకున్నాడు. చేతులు కట్టించుకున్నాడు. వీధుల్లో ఊరేగింపబడ్డాడు. మన రక్షకుడు ఒక ఖైదీ! ఆయనను ఆరాధించే మనం, ఓడిపోయి తలవంచుకొని ఇంటికి వచ్చినవానికి తలుపు మూయగలమా?